ద్విచక్ర వాహనాల విద్యుత్ లోపాలు - రీకాల్ ప్రకటనలు: సాంకేతికత, చట్టం, భాష

వ్యాససంగ్రహం:
తయారీలో జరిగిన పొరపాటు వల్ల వాహనం ప్రమాదకరంగా మారే అవకాశం ఉన్నప్పుడు, తయారీ సంస్థ ఆ వాహనాలన్నింటినీ పిలిపించి ఉచితంగా సరిచేయడాన్ని ‘రీకాల్’ అంటున్నారు. మోటార్‌సైకిళ్లలో, విద్యుత్ స్కూటర్లలో ఇటువంటి పిలుపులకు విద్యుత్ వ్యవస్థలోని లోపాలు తరచుగా కారణమవుతున్నాయి. ఇగ్నిషన్ కాయిల్, సెన్సర్లు, స్విచ్చులు, బ్యాటరీలలో లోపాలు ఎలా పుడతాయో, వాటిని సరిచేయించుకొనే హక్కు వాహనదారుడికి ఏ చట్టం ద్వారా లభిస్తున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది. రీకాల్ సమాచారాన్ని తెలుగులో చెబుతున్న తీరు పాఠకుడికి ఏ మేరకు ఉపయోగపడుతున్నదో పరిశీలించి, తెలుగు ప్రకటనకు ఒక నమూనాను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రీకాల్, ద్విచక్ర వాహనం, విద్యుత్ లోపం, ఇగ్నిషన్ కాయిల్, మోటారు వాహనాల చట్టం, వినియోగదారుల రక్షణ, సాంకేతిక తెలుగు.

1. ఉపోద్ఘాతం:
తెలుగు రాష్ట్రాల్లో సామాన్య కుటుంబానికి ద్విచక్ర వాహనం నిత్యావసరం. పొలానికి ఎరువు బస్తా మోసేదీ, పిల్లలను బడి దగ్గర దించేదీ, రాత్రివేళ ఆసుపత్రికి చేర్చేదీ ఆ బండే. అటువంటి వాహనంలో తయారీనాటి లోపం ఉందని తెలిసినప్పుడు ఆ సమాచారం యజమానికి చేరాలి, అర్థం కావాలి, అతడు బండిని సరిచేయించుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరగకపోయినా లోపం రోడ్డు మీదే మిగిలిపోతుంది. మొదటిది సమాచార వ్యవస్థకు, మూడవది సాంకేతికతకు సంబంధించినవి. రెండవది భాషకు సంబంధించినది. భాషాధ్యయనం చేసేవారు ఈ విషయాన్ని పట్టించుకోవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతున్నది.

సాంకేతిక తెలుగును గురించిన చర్చ ఎక్కువగా పాఠ్యపుస్తకాల పరిభాష చుట్టూ తిరుగుతున్నది. ప్రాణరక్షణకు సంబంధించిన ప్రకటనల భాష మీద జరిగిన పరిశీలన తక్కువ. ఆ భాషను పరిశీలించడానికి ముందు విషయాన్ని తెలుసుకోవడం అవసరం. అందువల్ల ఈ వ్యాసంలో సాంకేతిక వివరణ, చట్టపరమైన వివరణ ముందు వస్తాయి. భాషా పరిశీలన వాటి ఆధారంగా సాగుతుంది.

2. రీకాల్ - వారంటీ: భేదం:
వాహనదారులు ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సాధారణం. వారంటీ అనేది అమ్మకపు షరతు. నిర్ణీత కాలంలో లేదా నిర్ణీత కిలోమీటర్లలోపు భాగం చెడిపోతే సంస్థ బాగుచేసి ఇస్తుంది. గడువు దాటితే ఖర్చు యజమానిదే. ఇందులో చొరవ యజమానిది. బండి చెడిపోవాలి, అతడు తీసుకొనిపోవాలి.

రీకాల్‌లో చొరవ సంస్థదిగానీ ప్రభుత్వానిదిగానీ అవుతుంది. బండి ఇంకా చెడిపోయి ఉండనక్కరలేదు. ఫలానా నెలల మధ్య తయారైన ఫలానా నమూనా వాహనాల్లో ఫలానా భాగం సందేహాస్పదమని తేలడమే చాలు. వారంటీ ఉన్నా, తీరిపోయినా మరమ్మతు ఉచితంగా జరుగుతుంది. అరిగిపోవడం, పాతబడటం వంటివి రీకాల్ పరిధిలోకి రావు. పుట్టుకతో వచ్చిన దోషమే దీని పరిధి. తెలుగులో ‘లోపం’, ‘చెడిపోవడం’ అనే రెండు మాటలను విడిగా వాడితే ఈ భేదం స్పష్టంగా నిలుస్తుంది. చెడిపోయినది వాడకం వల్ల, లోపం ఉన్నది తయారీ వల్ల.

3. విద్యుత్ వ్యవస్థలో లోపాలు పుట్టే తీరు:
పెట్రోలుతో నడిచే మోటార్‌సైకిల్‌లో విద్యుత్తు చేసే పనులు అనేకం. సెల్ఫ్ స్టార్టు, హెడ్‌లైటు, బ్రేక్ లైటు, హారను వంటివి కంటికి కనిపించేవి. ఇంధనాన్ని కొలిచి పంపడం, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టించడం, చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును నియంత్రించడం కంటికి కనిపించని పనులు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు పుట్టే విద్యుత్తు బ్యాటరీని నింపుతుంది. వైరింగు ద్వారా అది అన్ని భాగాలకూ చేరుతుంది.

మోటార్‌సైకిల్ విద్యుత్ భాగాలు కారులో కంటే కఠినమైన పరిస్థితుల్లో పనిచేస్తాయి. వాటికి పైకప్పు లేదు. వాన, బురద, ఎండ, ఇంజన్ వేడి, నిరంతర ప్రకంపన వాటి మీద నేరుగా పనిచేస్తాయి. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా అక్కడి తీగలు వంగుతూ, ఒరుసుకుంటూ ఉంటాయి. కాబట్టి విద్యుత్ లోపాలను మూడు రకాలుగా చూడవచ్చు. తీగచుట్టల మీద ఉండే విద్యుద్బంధక పొర దెబ్బతినడం మొదటిది. సెన్సరు లేదా స్విచ్చు తొడుగు సరిగా మూసుకోక నీరు చేరడం రెండవది. కనెక్టర్లు వదులై వేడెక్కడం మూడవది. తర్వాతి భాగాల్లో పరిశీలించే ఉదంతాలు చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒక దానికి చెందుతాయి.

4. ఇగ్నిషన్ కాయిల్ రీకాల్ (2021):
2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ మీటియర్, క్లాసిక్, బుల్లెట్ నమూనాలకు చెందిన 2,36,966 మోటార్‌సైకిళ్లకు రీకాల్ ప్రకటించింది. ఇవి భారతదేశంతోపాటు థాయిలాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మలేషియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో అమ్ముడైనవి. 2020 డిసెంబరు, 2021 ఏప్రిల్ నెలల మధ్య బయటి సరఫరాదారు నుంచి వచ్చిన కొన్ని ఇగ్నిషన్ కాయిళ్లలో లోపం ఉన్నట్లు అంతర్గత పరీక్షల్లో తేలిందని సంస్థ తెలిపింది. దీనివల్ల ఇంజన్‌లో మిస్‌ఫైర్ రావచ్చుననీ, వాహనం పనితీరు తగ్గవచ్చుననీ, అరుదుగా షార్ట్ సర్క్యూట్ జరగవచ్చుననీ పేర్కొన్నది.

ఇగ్నిషన్ కాయిల్ పనిని తెలుసుకుంటే ఈ హెచ్చరిక తీవ్రత అర్థమవుతుంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొనల మధ్య ఉన్న సన్నని ఖాళీని దాటి నిప్పురవ్వ ఎగరడానికి వేల వోల్టులు కావాలి. కాయిల్‌లో రెండు తీగచుట్టలు ఉంటాయి. ప్రాథమిక తీగచుట్టలో చుట్లు తక్కువ, గౌణ తీగచుట్టలో చాలా ఎక్కువ. ప్రాథమిక చుట్టలో పారుతున్న విద్యుత్తును ఒక్కసారిగా ఆపినప్పుడు, విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల గౌణ చుట్టలో అధిక వోల్టేజి పుడుతుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఈ ప్రక్రియ నిమిషానికి వందల, వేల సార్లు జరుగుతుంది.

అంత అధిక వోల్టేజిని అదుపులో ఉంచేది తీగల మీది పలుచని బంధక పొర. అది బలహీనపడితే విద్యుత్తు ప్లగ్గును చేరకుండా మధ్యలోనే దారి వెతుక్కుంటుంది. రవ్వ బలహీనమై కొన్నిసార్లు ఇంధనం అంటుకోదు. మెకానిక్కులు ‘మిస్సింగ్’ అనేది ఈ స్థితినే. లారీని దాటుతున్న క్షణంలో ఇంజన్ శక్తి తగ్గితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. విద్యుత్తు దారి తప్పి షార్ట్ సర్క్యూట్ అయితే వేడి, నిప్పు పుట్టే అవకాశం కూడా ఉంటుంది.

ఈ ఉదంతంలో గమనించవలసిన మరో అంశం ఉన్నది. పిలిచిన బండ్లలో 10 శాతం కంటే తక్కువ వాటికే కాయిల్ మార్చవలసి వస్తుందని సంస్థ అంచనా వేసింది. అంటే గరిష్ఠంగా సుమారు 23,700 బండ్లు. అయినా 2,36,966 బండ్లనూ పిలవవలసి వచ్చింది. ఏ బండిలో లోపమున్న కాయిల్ ఉన్నదో విప్పి చూడకుండా తెలియదు కాబట్టి. “నా బండి బాగానే నడుస్తున్నది, నేనెందుకు పోవాలి?” అనే యజమాని ప్రశ్నకు ఇదే సమాధానం. పదిమందిలో తొమ్మిదిమంది బండ్లు బాగున్నవే కావచ్చు. తాను ఆ పదవవాడు కాడని నిర్ధారించేది పరీక్ష ఒక్కటే.

5. సెన్సర్లు, స్విచ్చులలో లోపాలు:
కొత్త మోటార్‌సైకిళ్లలో సెన్సర్ల సంఖ్య పెరిగింది. వాటితోపాటు నీరు చేరగల చోట్లూ పెరిగాయి. 2024లో హోండా సంస్థ సీబీ300ఎఫ్, సీబీ300ఆర్, సీబీ350, హైనెస్ సీబీ350, సీబీ350ఆర్ఎస్ నమూనాలకు రీకాల్ ప్రకటించింది. 2020 అక్టోబరు, 2024 ఏప్రిల్ నెలల మధ్య తయారైన వాటిలో చక్రవేగాన్ని కొలిచే సెన్సరు మౌల్డింగు సరిగా జరగకపోవడం వల్ల నీరు చేరవచ్చునన్నది కారణం. చక్రవేగం తప్పుగా నమోదైతే స్పీడోమీటరు మాత్రమే కాదు, ఆ సమాచారం మీద ఆధారపడే ట్రాక్షన్ నియంత్రణ, ఏబీఎస్ కూడా దెబ్బతింటాయి. రేణువంత నీటి చెమ్మ బ్రేకుల పనితీరును ప్రభావితం చేయగలదన్నమాట. వారంటీతో నిమిత్తం లేకుండా భాగాన్ని ఉచితంగా మారుస్తామని సంస్థ ప్రకటించింది.

అంతకుముందు 2023లో అదే సంస్థ సీబీ350 శ్రేణిలో బండి వంపును గుర్తించే సెన్సరు విషయంలో రీకాల్ చేపట్టింది. బండి పడిపోయినప్పుడు ఇంజన్‌ను ఆపివేయడం ఈ సెన్సరు పని. తొడుగులో సందు ఏర్పడి నీరు చేరితే, నిటారుగా నడుస్తున్న బండిలోనే ఇంజన్ ఆగిపోయే ప్రమాదం ఉన్నది. రక్షణ కోసం అమర్చిన పరికరమే ప్రమాదానికి కారణం కావడం ఇందులోని విశేషం.

ఈ సమస్య ఒక దేశానికో, తక్కువ ధర వాహనాలకో పరిమితమైనది కాదు. 2011లో అమెరికాకు చెందిన హార్లీ-డేవిడ్‌సన్ సంస్థ సుమారు 3,08,000 భారీ మోటార్‌సైకిళ్లను వెనుక బ్రేక్ లైటు స్విచ్చు కోసం పిలిపించింది. పొగగొట్టం వేడి వల్ల ఆ స్విచ్చు దెబ్బతిని, బ్రేకు వేసినా లైటు వెలగకపోవచ్చు, వేయకపోయినా వెలగవచ్చు. వెనుక వచ్చే వాహనదారుడికి బ్రేక్ లైటు ఒక సంకేతభాష. ఆ సంకేతం తప్పితే ప్రమాదం వెనుకనుంచి వస్తుంది.

6. విద్యుత్ స్కూటర్లు - 2022 సంవత్సరం:
పెట్రోలు బండిలో విద్యుత్తు సహాయకశక్తి. విద్యుత్ స్కూటరులో అదే మూలశక్తి. కాబట్టి లోపం తీవ్రత కూడా మారుతుంది. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక సెల్ అతిగా వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌కు పాకి, గొలుసుకట్టుగా మొత్తం బ్యాటరీ అంటుకోవచ్చు. సెల్స్ వోల్టేజిని, ఉష్ణోగ్రతను గమనిస్తూ అవసరమైతే విద్యుత్తును ఆపివేసే బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ సరిగా ఉండటం అందుకే ముఖ్యం.

2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులోనూ విజయవాడలోనూ ఇళ్లలో విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణనష్టం జరిగింది. ఇవి తెలుగు సమాజాన్ని కలవరపరచిన ఘటనలు. నడిరోడ్డు మీద కాక, మనుషులు నిద్రించే ఇంట్లో ప్రమాదం జరగడం ప్రజల భయాన్ని పెంచింది. అదే నెలలో దేశవ్యాప్తంగా వరుసగా రీకాల్ ప్రకటనలు వచ్చాయి. ఒకినావా సంస్థ 3,215 స్కూటర్లను, హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లను, ఓలా ఎలక్ట్రిక్ 1,441 స్కూటర్లను పరీక్ష కోసం పిలిచాయి. వదులైన కనెక్టర్లు, దెబ్బతిన్న భాగాలు ఉన్నాయేమో చూసి ఉచితంగా సరిచేస్తామని ఒకినావా తెలిపింది.

తర్వాత కేంద్ర ప్రభుత్వం ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినతరం చేసింది. బ్యాటరీ సెల్స్, నిర్వహణ వ్యవస్థ, ఛార్జరు, ఒక సెల్ నుంచి మరో సెల్‌కు మంట పాకడం వంటి అంశాలపై అదనపు నిబంధనలు 2022 డిసెంబరు 1 నుంచి మొదటి దశగా, 2023 మార్చి 31 నుంచి రెండవ దశగా అమలులోకి వచ్చాయి. ప్రమాణం కొత్త బండికి వర్తిస్తుంది. అప్పటికే అమ్ముడై ఇళ్లలో ఉన్న బండికి రక్షణ రీకాల్ ద్వారానే లభించాలి. రెండింటి పాత్ర వేరువేరు.

7. చట్టపరమైన ఆధారం:
భారతదేశంలో రీకాల్ మొదట స్వచ్ఛంద వ్యవహారంగా సాగింది. వాహన తయారీదారుల సంఘమైన సియామ్ 2012లో తన సభ్యుల కోసం స్వచ్ఛంద నియమావళిని తెచ్చింది. చట్టబద్ధత మోటారు వాహనాల (సవరణ) చట్టం, 2019 ద్వారా వచ్చింది. ఆ సవరణ చేర్చిన 110ఏ సెక్షను ఇందుకు ఆధారం. సంబంధిత నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

ఈ సెక్షను సారాంశం ఇది. ఒక రకం వాహనంలోని లోపం పర్యావరణానికి గానీ, వాహనం నడిపేవారికి, అందులోనివారికి, ఇతర రహదారి వినియోగదారులకు గానీ హాని చేసే అవకాశం ఉండి, ఆ లోపాన్ని నిర్ణీత శాతం యజమానులు లేదా పరీక్షా సంస్థ లేదా మరో ఆధారం ద్వారా తెలియజేసినప్పుడు, రీకాల్ చేయవలసిందిగా కేంద్ర ప్రభుత్వం తయారీదారును ఆదేశించవచ్చు. లోపం ఒక విడిభాగంలో ఉంటే ఆ భాగం ఉన్న వాహనాలన్నింటికీ ఆదేశం వర్తింపజేయవచ్చు. అప్పుడు తయారీదారు వాహనం పూర్తి ఖరీదు తిరిగి ఇవ్వాలి, లేదా సమానమైన లేక అంతకంటే మెరుగైన వాహనం ఇవ్వాలి, లేదా మరమ్మతు చేయాలి. జరిమానా కూడా చెల్లించాలి. వాహన రకాన్ని, సంఖ్యను బట్టి ఈ జరిమానా 10 లక్షల రూపాయల నుంచి కోటి రూపాయల వరకు ఉంటుంది. ఏడేళ్ల లోపు వాహనాలకు ఈ నియమాలు వర్తిస్తాయి.

లోపాన్ని తానే గుర్తించి ప్రభుత్వానికి తెలిపి రీకాల్ ప్రారంభించిన తయారీదారుకు జరిమానా నుంచి మినహాయింపు ఉన్నది. దాచిపెట్టడం కంటే ముందుగా చెప్పడమే లాభదాయకమని సంస్థలకు తెలియజేయడం దీని ఉద్దేశం. పత్రికల్లో మనం చదివే ప్రకటనల్లో ‘స్వచ్ఛందంగా’ అనే మాట తరచుగా కనిపించడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. ఆ మాట సంస్థ బాధ్యతను తెలిపేదే కాని, లోపం చిన్నదని చెప్పేది కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 రెండవ ఆధారం. ఈ చట్టంలోని 84వ సెక్షను ప్రకారం తయారీ లోపానికి, రూపకల్పన లోపానికి మాత్రమే కాక, హానిని నివారించడానికి తగిన సూచనలుగానీ హెచ్చరికలుగానీ ఇవ్వకపోవడానికి కూడా తయారీదారు బాధ్యత వహించాలి. ‘తగిన హెచ్చరిక’ అన్న భావన ఈ వ్యాసానికి కీలకం. చదివేవారికి అర్థం కాని భాషలో ఉన్న హెచ్చరిక తగినదవుతుందా అన్న ప్రశ్న ఇందులోనుంచే పుడుతుంది.

8. రీకాల్ ప్రకటనల తెలుగు:
8.1 క్రియాపదాల సమస్య:
తెలుగు పత్రికల్లో రీకాల్ వార్తలకు ‘రీకాల్ చేసింది’, ‘వెనక్కి పిలిపించింది’, ‘వెనక్కి తీసుకుంటోంది’ అనే మూడు రకాల ప్రయోగాలు కనిపిస్తాయి. మొదటిది ఆదాన పదం. తెలిసినవారికి తెలుస్తుంది, తెలియనివారికి ఏమీ చెప్పదు. మూడవది అపార్థానికి దారితీస్తుంది. ‘వెనక్కి తీసుకొను’ అనే క్రియలో ఇచ్చిన వస్తువును స్వాధీనం చేసుకోవడమనే అర్థం ఉన్నది. దుకాణదారుడు చీరను వెనక్కి తీసుకున్నాడంటే డబ్బు తిరిగి ఇచ్చాడనో, మరో చీర ఇచ్చాడనో అర్థం. బండి విషయంలో ఈ మాట విన్న యజమాని రెండు విధాలుగా పొరబడవచ్చు. బండి ఇచ్చేస్తే డబ్బు వస్తుందని ఆశపడవచ్చు. లేదా ఉన్న ఒక్క బండినీ తీసుకుపోతారని భయపడి సర్వీసు కేంద్రం వైపే వెళ్లకపోవచ్చు. రెండవ అపార్థం ఎక్కువ హానికరం.

‘వెనక్కి పిలిపించు’ కొంత మెరుగైనది. అయితే పిలిచి ఏం చేస్తారన్నది అందులో లేదు. ఎందుకు పిలుస్తున్నారో తెలిపే మాటగా ‘దోషసవరణ పిలుపు’ను పరిశీలించవచ్చు. ప్రజల ముందుకు వెళ్లే ప్రకటనలో ‘ఉచిత భద్రతా మరమ్మతు’ అన్న వివరణాత్మక పదబంధం మరింత సుబోధకం. పారిభాషికపదం కచ్చితంగా ఉండాలి, ప్రకటన పదం తేలికగా ఉండాలి. ఈ రెండు అవసరాలకు ఒకే మాట సరిపోవాలన్న నియమం లేదు.

8.2 తీవ్రతను తగ్గించే మాటలు:
‘ముందుజాగ్రత్త చర్యగా’, ‘అరుదైన సందర్భాల్లో’, ‘అసౌకర్యం కలగవచ్చు’ వంటి పదబంధాలు ప్రకటనల్లో సాధారణం. వీటిలో అసత్యం ఉండకపోవచ్చు. కాని ప్రాణాపాయాన్ని అసౌకర్యమనడం అర్థసంకోచం. అమెరికా చట్టం ఈ విషయంలో ఒక దారి చూపుతుంది. అక్కడి నిబంధనల ప్రకారం యజమానికి రాసే లేఖలో లోపం ఏమిటో, దానివల్ల కలిగే ప్రమాదం ఏమిటో, ఉచితంగా ఎలా సరిచేస్తారో, సంస్థ స్పందించకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలో విధిగా ఉండాలి. లోపం లేదనిగానీ, అది భద్రతకు సంబంధించినది కాదనిగానీ ధ్వనించే వాక్యం రాయకూడదు. ఏమి రాయాలన్నదే కాక, ఏమి ధ్వనించకూడదన్నది కూడా చట్టం చెప్పడం భాషాధ్యయనవేత్తలు గమనించదగినది. మన అలంకారశాస్త్రం వాచ్యార్థానికి, ధ్వనికి మధ్య చేసిన విభజన ఒక పాలనా నిబంధనలో ఆచరణరూపం పొందడాన్ని ఇక్కడ చూడవచ్చు.

8.3 కర్త లేని వాక్యం:
ఆంగ్ల ప్రకటనలను తెలుగులోకి మార్చినప్పుడు ‘లోపం గుర్తించబడినది’, ‘భాగం మార్చబడును’ వంటి కర్మణి వాక్యాలు వస్తాయి. ఇవి తెలుగు సహజ వాక్యనిర్మాణానికి దూరం. అంతకంటే ముఖ్యంగా, వీటిలో ఎవరు మారుస్తారో, ఎవరు ఖర్చు భరిస్తారో కనిపించదు. ‘మేము ఉచితంగా మారుస్తాము’ అన్న కర్తరి వాక్యంలో బాధ్యత స్పష్టంగా ఉంటుంది.

8.4 ప్రతిపాదిత నమూనా:
పై పరిశీలన ఆధారంగా తెలుగు ప్రకటన ఈ విధంగా ఉండవచ్చు.

“మీ బండికి ఉచిత భద్రతా మరమ్మతు అవసరం కావచ్చు. ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు మేము తయారుచేసిన ఫలానా బండ్లలో కొన్నింటికి ఇగ్నిషన్ కాయిల్ సరిగా లేదు. దీనివల్ల నడుస్తున్న బండి ఆగిపోవచ్చు, తీగలు కాలవచ్చు. మీ బండి బాగానే నడుస్తున్నా పరీక్ష చేయించండి. ఆర్.సి.లో ఉన్న చాసిస్ నంబరును ఈ ఫోన్ నంబరుకు చెబితే మీ బండి ఇందులో ఉన్నదో లేదో చెబుతాము. పరీక్షకు, కొత్త భాగానికి, కూలికి మీరు ఏమీ చెల్లించనక్కరలేదు. బండి మీదే, అదే రోజు గానీ చెప్పిన రోజున గానీ తిరిగి ఇస్తాము. మీరు బండిని అమ్మి ఉంటే, కొన్నవారికి ఈ విషయం చెప్పండి.”

ఇందులో ప్రతి వాక్యం యజమానికి కలిగే ఒక సందేహానికి సమాధానం. ‘బండి మీదే’ అన్న వాక్యం ముందు చెప్పిన భయాన్ని తొలగించడానికి ఉద్దేశించినది.

9. మరమ్మతు పొందే మార్గం:
9.1 చాసిస్ నంబరు:
రీకాల్‌కు గుర్తు రిజిస్ట్రేషన్ నంబరు కాదు, చాసిస్ నంబరు. 17 అక్షరాలు, అంకెలు కలిగిన ఈ సంఖ్య ఆర్.సి.లోనూ, సాధారణంగా హ్యాండిల్ కింది ఫ్రేము మీదా ఉంటుంది. దీనిని సంస్థ వెబ్‌సైటులో నమోదు చేసినా, అధీకృత సర్వీసు కేంద్రంలో చెప్పినా వివరం తెలుస్తుంది.

9.2 చేతులు మారిన బండ్లు:
సంస్థ దగ్గర ఉండేది మొదటి కొనుగోలుదారుడి చిరునామా. బండి చేతులు మారితే సమాచారం అక్కడే ఆగిపోతుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో యాజమాన్య మార్పిడిని రవాణా శాఖకు తెలపాలి. ఫారాల మీద సంతకాలు తీసుకొని పేరు మార్చుకోకుండానే బండి నడపడం మన ప్రాంతాల్లో కొత్త కాదు. అటువంటి యజమానికి ఏ లేఖా చేరదు. పాత బండి కొన్నవారు చాసిస్ నంబరుతో తామే విచారించడం ఉత్తమం.

9.3 స్థానిక మెకానిక్ పాత్ర:
వారంటీ తీరాక చాలామంది అధీకృత కేంద్రానికి వెళ్లరు. ఊరి మెకానిక్కే వారికి నమ్మకస్తుడు. మిస్సింగ్ వస్తే అతడు ప్లగ్గు మారుస్తాడు, కార్బన్ తుడుస్తాడు, చివరకు యజమాని ఖర్చుతో కాయిల్ మారుస్తాడు. ఉచితంగా రావలసిన భాగానికి డబ్బు పోతుంది. సంస్థ లెక్కలో ఆ బండి సరికానిదిగానే మిగులుతుంది. రీకాల్ సమాచారాన్ని మెకానిక్కులకు తెలుగులో చేర్చడం వల్ల ఈ నష్టం తగ్గుతుంది. అదనపు లైట్లు, హారన్లు బిగించడానికి తీగలు కోసి అతికించిన బండ్లలో లోపం తయారీదా, మార్పుదా అన్న వివాదం రావచ్చు. అందువల్ల అటువంటి మార్పులకు దూరంగా ఉండటం మంచిది.

9.4 పత్రాలు, ఫిర్యాదు:
బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో రీకాల్ పని అని రాయించుకోవాలి. పని పూర్తయ్యాక మార్చిన భాగం వివరంతో రసీదు తీసుకోవాలి. డబ్బు అడిగినా, భాగం లేదని తిప్పినా సంస్థకు లిఖితపూర్వకంగా తెలపాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. తయారీ సంస్థ ఉన్న నగరానికి వెళ్లనక్కరలేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు కాబట్టి చాలావరకు ద్విచక్ర వాహనాలు ఈ పరిధిలోకే వస్తాయి. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నది.

10. ముగింపు:
• మోటార్‌సైకిళ్ల విద్యుత్ లోపాలు ప్రధానంగా బంధక పొర దెబ్బతినడం, తొడుగులోకి నీరు చేరడం, కనెక్టర్లు వదులు కావడం వల్ల ఏర్పడుతున్నాయి. ఇవి పైకి కనిపించవు కాబట్టి బండి బాగా నడవడం లోపం లేదనడానికి రుజువు కాదు.
• వారంటీకీ రీకాల్‌కూ సంబంధం లేదు. గడువు తీరిన కారణం చూపి రీకాల్ మరమ్మతుకు డబ్బు అడిగితే యజమాని ప్రశ్నించాలి.
• 110ఏ సెక్షను రీకాల్‌కు చట్టబద్ధతను, 2019 వినియోగదారుల చట్టం తగిన హెచ్చరిక పొందే హక్కుకు బలాన్ని ఇచ్చాయి. హెచ్చరిక ప్రాంతీయ భాషలో ఉన్నప్పుడే ఈ హక్కు పూర్తిగా అనుభవంలోకి వస్తుంది.
• ‘వెనక్కి తీసుకోవడం’ అన్న ప్రయోగం రీకాల్‌కు తగినది కాదు. పారిభాషికంగా ‘దోషసవరణ పిలుపు’, ప్రకటనల్లో ‘ఉచిత భద్రతా మరమ్మతు’ అన్నవి పరిశీలించదగినవి.
• కర్తరి వాక్యాలు, చిన్న వాక్యాలు, ప్రమాదాన్ని నేరుగా చెప్పే మాటలు రీకాల్ ప్రకటనకు అవసరం. తెలుగు శాఖల్లో అనువాదం, మాధ్యమ రచన బోధించేటప్పుడు ఇటువంటి ప్రకటనలను అభ్యాసాంశాలుగా చేర్చవచ్చు. మందుల సూచనలు, గ్యాస్ సిలిండర్ హెచ్చరికలు, విద్యుత్ పరికరాల కరపత్రాలు కూడా ఇదే దృష్టితో పరిశోధించదగినవి.